ఐదొందల డాలర్లలో పస్కా విందు

హైలాండ్ పార్క్, న్యూజెర్సీ
మార్చి 8, 2026

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను, రెండోసారి మా ఆవిడకి వినిపించడానికి. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. పన్నెండు మందికి సెడర్ భోజనం, అదే యూదుల పస్కా పండగ తొలి రాత్రుల విందు, మీ ఇంట్లోనే పెడతానని మీ యూదు అత్తారింటివాళ్ళ ముందు గొప్పకి పోయి ఒప్పుకున్నావన్నమాట. ఇప్పుడు మీ ఆవిడ లేయా రాసిన సరుకుల చీటీ చూసి "ఐదొందల డాలర్లలో గట్టెక్కుతామా మామా" అంటున్నావు. గట్టెక్కుతారు. ఫోన్లో చెబితే సగం చెవిన వేసుకోవు కాబట్టి రాస్తున్నాను.

ముందు క్యాలెండర్ తియ్యి. ఈసారి పస్కా ఏప్రిల్ 1, బుధవారం సాయంత్రం మొదలు. ఇజ్రాయెల్లో ఒక్క సెడర్‌తో సరిపెడతారు గానీ లేయా వాళ్ళింట్లో రెండు రాత్రులూ చేస్తారని నువ్వే చెప్పావు. గురువారం, శుక్రవారం పండగ, ఆ వెంటనే శనివారం షబ్బాత్, వాళ్ళ వారపు విశ్రాంతి దినం. అంటే బుధవారం రాత్రి మొదలుకుని శనివారం మధ్యాహ్నం దాకా వరసగా ఆరు పండగ భోజనాలు! నువ్వేమో ఒక్క రాత్రి లెక్క వేసుకుని కూర్చున్నావు. చాలామందికి చేతి చమురు వదిలేది ఈ తర్వాతి పూటల్లోనే. చుట్టాలు వెళ్ళిపోయాక కూడా "పండగే కదా" అని మళ్ళీ మాంసం కొంటారు. అందుకని మొదటి రాత్రికి నాలుగొందలు, మిగతా ఐదు పూటలకీ వంద అని ఇప్పుడే విడదీసి పెట్టుకో. రెండో సెడర్‌కి మొదటి రాత్రి మిగిలిన సూపూ కోడీ వస్తాయి. మధ్యాహ్నాలు మాంసం జోలికే పోకండి. చీజూ, గుడ్లూ, బంగాళాదుంపలూ, సలాడూ చాలు.

ఇక మాంసం. ఖర్చంతా దాని దగ్గరే ఉంది. కోషర్ మాంసం, అంటే యూదుల ఆహార నియమాలకి తగిన మాంసం, ఎందుకంత ప్రియం అంటావా? కోసే మనిషి శిక్షణ పొందినవాడై ఉండాలి, కోశాక ఊపిరితిత్తులు పరీక్ష చెయ్యాలి, తర్వాత నీళ్ళలో నానబెట్టి ఉప్పు పట్టించి నెత్తురు లాగెయ్యాలి. ఇన్ని చేతులు మారాక కూడా, అమెరికాలో పశువు వెనక భాగాన్ని సాధారణంగా కోషర్‌గా అమ్మరు. తొడ నరం, నిషిద్ధమైన కొవ్వు తీయడం పెద్ద పని, అంత ఓపిక ఎవరికీ లేదు. కాబట్టి బరువంతా ముందు భాగం ధర మీద పడుతుంది. బ్రిస్కెట్ అనేది రొమ్ము దగ్గరి గట్టి మాంసం. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని చవక ముక్క కాబట్టే యూదుల వంటింట్లోకి వచ్చింది, గంటల తరబడి మెల్లగా ఉడికిస్తే మెత్తబడుతుంది కనుక. తర్వాత మీ టెక్సాస్ బార్బెక్యూ పుణ్యమా అని దానికీ రెక్కలొచ్చాయి. ఇక్కడ మా కసాయి దగ్గర కోషర్ బ్రిస్కెట్ పౌను పదిహేను డాలర్ల పైమాటే.

లేయా చీటీలో ఎనిమిది పౌన్ల బ్రిస్కెట్ ఉందన్నావు. ఐదు చాలు. ఉడికాక మూడో వంతు పైగా తగ్గుతుంది నిజమే, అయినా పక్కన కోడి ఉంటే మనిషికి రెండు పల్చటి ముక్కలు వస్తాయి, అంతకంటే ఎవరూ తినరు. సెడర్‌లో భోజనం వడ్డించేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, అప్పటికే మత్సా (పులియని రొట్టె), గుడ్లు, చేప, సూపు కడుపులో పడి ఉంటాయి. మిగతాది కోడి కాళ్ళతో సరిపెట్టు, అవి బ్రిస్కెట్‌లో నాలుగో వంతు ధరకే వస్తాయి. నువ్వెలాగూ గొడ్డు మాంసం ముట్టవు, నీకూ ఆధారం. సూపుకి కసాయిని అడిగి కోడి వీపు ఎముకలు, మెడలు తెచ్చుకో. ఒక క్యారెట్టు, సెలెరీ, ఉల్లిపాయ తొక్కతో సహా వేసి మూడు గంటలు సన్నసెగన మరిగిస్తే, ఖరీదైన కోడి వేసినదానికన్నా బాగుంటుంది. తొక్క వేయడం మరవకు, బంగారు రంగు దానివల్లే వస్తుంది. బ్రిస్కెట్ రెండు రోజుల ముందే వండి ఫ్రిజ్‌లో పెట్టు. చల్లారాక కోస్తే ముక్కలు పల్చగా, చిదిరిపోకుండా వస్తాయి. ఐదు పౌన్లు పన్నెండు మందికి సరిపోవడంలో సగం కిటుకు ఇదే.

తమాషా ఏమిటంటే, పండగకి తప్పనిసరి అనుకున్నవన్నీ కారుచవక. సెడర్ పళ్ళెంలో ఏముంటాయి? ఒక ఉడికించిన గుడ్డు, కాల్చిన ఎముక (కోడి మెడ చాలు, కసాయి ఊరికే ఇస్తాడు), కొత్తిమీర లాంటి పార్స్‌లీ, చేదుకి ముల్లంగి జాతి హార్స్‌రాడిష్ దుంప, ఆపిల్ ముక్కలూ అక్రోట్లూ దాల్చినచెక్కా వైనూ కలిపిన హరోసెత్, ఒక గిన్నెలో ఉప్పు నీళ్ళు. మొత్తం కలిపినా పదిహేను డాలర్లు దాటదు. ఆ చీటీలో బల్ల మధ్యకి పువ్వులకే నలభై రాసి ఉంది! సెడర్‌లో చదివే హగ్గదా పుస్తకాలు కూడా కొనకు. మ్యాక్స్‌వెల్ హౌస్ కాఫీ వాళ్ళు 1932 నుంచి సూపర్ మార్కెట్లలో ఉచితంగా పంచుతున్నారు. ఒబామా వైట్‌హౌస్‌లో సెడర్ పెట్టినప్పుడు చదివింది కూడా అవే. ఇప్పుడే వెళ్ళి పన్నెండు తెచ్చి దాచు, చివరి వారానికి దొరకవు.

మత్సా విషయంలో ఒక మాట. చేత్తో చేసిన గుండ్రటి ష్మురా మత్సా పౌను ముప్ఫై డాలర్లు దాటుతుంది. గోధుమ కోసినప్పటి నుంచీ తడి తగలకుండా కాపలా కాస్తారు గనక ఆ ధర. అది సెడర్ ఆచారానికి ఒక్క పౌను చాలు, తలా ఒక ముక్క వస్తుంది. ఎనిమిది రోజుల పండగలో తక్కిన పూటలకి యంత్రంతో చేసిన ఐదు పౌన్ల పెట్టె. ఇంత సరుకు కొంటే ఆ పెట్టె ఉచితమని చాలా దుకాణాలు పెడతాయి, ఆ కాగితాలు చూస్తూ ఉండు.

వైను లెక్క సులువు. సెడర్ ఆచారం ప్రకారం తలా నాలుగు గిన్నెలు తాగాలి, గిన్నెకి కనీసం 86 మిల్లీలీటర్లని ఒక లెక్క. పెద్దవాళ్ళు పదిమంది అనుకుంటే మూడున్నర లీటర్లు, అంటే ఐదు సీసాలు. ఒకటి ఎక్కువే కొను. పిల్లలకి ద్రాక్షరసం. సీసా పన్నెండు డాలర్లకి మించనక్కర్లేదు, ఆరు కలిపి కొంటే ఇంకా తగ్గిస్తారు. సీసా మీద "మెవుషల్" అని ఉందో లేదో చూడు. అంటే వేడి చేసిన వైను. పట్టింపున్నవాళ్ళు మెవుషల్ కాని సీసాని నీలాంటి నాలాంటి యూదేతరుడు తెరిచి పోస్తే తాగరు. లేయా పెదనాన్న అలాంటి మనిషని విన్నాను. మా మామగారి తమ్ముడూ అంతే. మా నాయనమ్మ మడి చూసి పెరిగినవాణ్ణి గనక నాకేం వింతగా అనిపించలేదు.

ఇప్పుడు నీ వంటింటి అల్మరా సంగతి. దుకాణంలో "పస్కాకి తగినది" అన్న ముద్ర ఉన్న ప్రతిదీ బండిలో వేసుకున్నావో, అయిపోయావే. ఆ పస్కా బిస్కెట్లు, పస్కా కార్న్‌ఫ్లేక్స్, కేకు పొడి అన్నీ రెట్టింపు ధర, రుచికి అట్టముక్కలు. వాటిని తాకకు. కూరగాయలకి, పళ్ళకి, గుడ్లకి ముద్ర అక్కర్లేదు. మామూలు కాఫీ పొడికీ, ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెకీ కూడా అక్కర్లేదని కోషర్ ముద్ర వేసే ఓయూ సంస్థ జాబితాలోనే ఉంటుంది, లేయాని చూడమను. గుడ్లు మాత్రం ధారాళంగా తెచ్చుకో. పోయినేడు పక్షి జ్వరానికి డజను సగటు ధర ఆరు డాలర్లు దాటింది, ఈ ఏడు దిగొచ్చింది.

మత్సా తప్ప గోధుమ సరుకేదీ పస్కాలో వాళ్ళకి ఉండకూడదు, అలాగని ఇంట్లో ఉన్న గోధుమ పిండి, బొంబాయి రవ్వ, సేమ్యా పారెయ్యకు. ఒక అల్మరాలో పెట్టి టేపు వేసి, రబ్బీ (యూదు మతగురువు) ద్వారా ఎనిమిది రోజులకి అమ్మినట్టు పత్రం రాయించుకోవచ్చు, పండగ అయ్యాక మళ్ళీ మీదే. అందులో ఇంగువ డబ్బా కూడా పెట్టు! డబ్బా వెనక చదువు, మనం కొనే ఇంగువల్లో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు. ఈ సంగతి ఏ రబ్బీకీ తట్టదు, మనమే చెప్పాలి.

అన్నం, పప్పు తినొచ్చా అంటే అది మీ అత్తారింటి తెగను బట్టి. తూర్పు యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీలు ఆ ఎనిమిది రోజులూ బియ్యం, పప్పులు, ఆఖరికి ఆవాలు కూడా ముట్టరు. స్పెయిన్ వైపు మూలాలున్న సెఫార్దీల్లో చాలామంది అన్నం తింటారు, బియ్యం మూడుసార్లు ఏరి మరీ. యూదు మతంలోని కన్సర్వేటివ్ శాఖ న్యాయ సంఘం 2015 చివర్లో అష్కెనాజీలకీ వీటిని అనుమతించింది. దాంతో మా ఇంట్లో మిగతా రోజులకి అన్నం, పెసరపప్పు వచ్చేశాయి, ఖర్చు అమాంతం పడిపోయింది. మీ అత్తగారు ఒప్పుకుంటారో లేదో లేయాని అడుగు, నువ్వు నేరుగా అడగకు.

ఒప్పుకోకపోయినా మన వంటలు చేతిలో ఉన్నాయి. గుత్తి వంకాయలో వేరుశనగకి బదులు బాదం, ఎండు కొబ్బరి వేసి కూరు. బంగాళాదుంప వేపుడుకి జీలకర్ర, ఎండుమిర్చి తగిలిస్తే ఆవాలు లేని లోటు తెలీదు, జీలకర్ర విషయంలోనూ పట్టింపు ఉందేమో ముందే కనుక్కో. నెయ్యి మాత్రం వద్దు, మాంసంతో పాలూ నెయ్యీ కలవకూడదు. ఆ రాత్రి నీ పెరుగన్నం కూడా లేదు, ముందే చెబుతున్నాను.

ఇంకోటి. మీ అత్తగారు ఫోన్ చేసి "ఏం తేవాలి" అని అడుగుతారు. మన అలవాటు కొద్దీ "అయ్యో ఏమీ వద్దండీ, మీరొస్తే చాలు" అనకు! ఇక్కడ ఆ ప్రశ్న నిజంగానే అడుగుతారు. కోషర్ పాటించని ఇంట్లోంచి వండిన గిన్నె రాకూడదు గనక, వండనవసరం లేనివి పురమాయించు. ఒకరు వైను, ఒకరు పళ్ళు, ఒకరు ద్రాక్షరసం, అత్తగారికి ఆ పువ్వులు. వంద డాలర్లు అక్కడే మిగులుతాయి, వాళ్ళకీ తృప్తి.

గిన్నెల గురించి లేయా కంగారు పడుతోందట. ఏడాదంతా వాడిన పింగాణీ పస్కాకి పనికి రాదు, శుద్ధి చేసే దారి లేదు. స్టీలుని సలసల కాగే నీళ్ళలో ముంచి తీస్తే చాలామటుకు సరిపోతుంది, పద్ధతి రబ్బీని అడగండి. ఈ ఏడాదికి కాగితం పళ్ళాలతో కానివ్వండి. పండగ అయ్యాక ఇండియన్ కొట్లో స్టీలు కంచాలు, గిన్నెలు ఒక జత కొని, విడిగా పెట్టెలో వేసి పైకెక్కించండి, ఏటా అవే. మాకు ఓక్ ట్రీ రోడ్డులో దొరికాయి, మీకు డాలస్‌లో దొరకవా ఏం.

నువ్వు అడక్కపోయినా ఒకటి చెప్పాలి. మా మామగారి తమ్ముడు ఖరీదైన వైను తెచ్చి, ఎవరైనా ఏమన్నా అంటే తల్మూద్, అంటే యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం, తీస్తాడు. మనిషి ఏడాది సంపాదన ముందే రాసి ఉంటుందట, షబ్బాత్‌కి, పండగలకి పెట్టే ఖర్చు మాత్రం ఆ లెక్కలోకి రాదట. అంతేకాదు, దేవుడే "నా పేరు మీద అప్పు చేసి పండగ చేసుకోండి, నేను తీరుస్తాను" అన్నాడని బేత్సా అనే భాగంలో ఉంది. అచ్చం అప్పు చేసి పప్పు కూడే! నాకు చిర్రెత్తుకొచ్చి మా ఆవిణ్ణి అడిగితే, అదే తల్మూద్‌లో పాతకాలపు పండితుడు రబ్బీ అకీవా మాట చూపించింది: "నీ షబ్బాత్‌ని మామూలు రోజులా చేసుకో గానీ ఎవరి మీదా ఆధారపడకు." పోయినేడు ఆయన సీసా తెరుస్తూ మొదలుపెట్టగానే నేను అకీవాని అందుకున్నాను. ఆ సాయంత్రమంతా ఆ వాదనే. నీకూ పనికొస్తుంది, గుర్తుపెట్టుకో.

అయితే ఒక చోట పిసినారితనం వద్దురా. సెడర్ మొదట్లో అరామిక్‌లో "ఆకలిగా ఉన్నవాళ్ళంతా వచ్చి తినండి" అని పైకి చదువుతారు. కడు పేదవాడికి కూడా నాలుగు గిన్నెల వైను తగ్గకూడదని, సత్రం నిధి నుంచైనా ఇవ్వాలని తల్మూద్‌కి మూలమైన మిష్నాలో ఉంది. నువ్వు పన్నెండు అన్నావు గానీ పద్నాలుగు కంచాలు వెయ్యి. లేయా స్నేహితురాలెవరో, పక్కింటి కుర్రాడో చివరి రోజు తేలతారు. ఆ ఇద్దరికీ బంగాళాదుంపలు, కోడి కాళ్ళు పెంచితే చాలు, బ్రిస్కెట్ పెంచకు.

సెప్టెంబర్ పండగల గురించి ఇప్పుడే భయపడకు. ఈ ఏడు రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం), సుక్కోత్ (పర్ణశాలల పండగ) తొలి రెండు రోజులు, ఆఖరి రెండు రోజులు అన్నీ శని, ఆదివారాల్లోనే పడ్డాయి. షబ్బాత్ భోజనం, పండగ భోజనం ఒకటే అవుతాయి, ఆఫీసు సెలవులూ మిగులుతాయి. మేం పస్కా అయిన మర్నెల నుంచే నెలకి నూట యాభై ఒక వేరే ఖాతాలో వేస్తాం. బ్రిస్కెట్ మాత్రం పండగ ముందు వారం కొనం, ఎక్కడైనా ధర తగ్గినప్పుడు తెచ్చి ఫ్రీజర్లో పడేస్తాం.

మాంసం ఆర్డరు ఉగాది లోపు ఇచ్చెయ్యి, అంటే 19వ తారీఖు. ఆ తర్వాత అయితే వాళ్ళు ఇచ్చిందే ముక్క, చెప్పిందే ధర. ఉగాది పచ్చడి చేస్తున్నావా? వేపపువ్వు దొరక్కపోతే చెప్పు, అమ్మ పంపింది ఉంది, పోస్టులో వేస్తాను. లేయాని అడిగానని చెప్పు. వచ్చేవాళ్ళలో పిల్లలెందరో రాయి, ద్రాక్షరసం లెక్క మార్చాలి.

నీ
మురళి