సామూహిక తోటలో మనుషులు కలవాలంటే

సంపాదకుల వారికి,

నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఒత్తిడి పెట్టే పని తర్వాత అరగంట తోటపని చేసినవాళ్లకు, లోపల కూర్చుని చదివినవాళ్ల కంటే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువగా తగ్గింది. కానీ తోట వేసినంత మాత్రాన ఒంటరితనం పోదు. ఎవరి మడి వారికి పంచేస్తే, వీలున్నప్పుడు వచ్చి నీళ్లు పోసి వెళ్లిపోతారు, పలకరింపే ఉండదు. సగం మళ్లయినా ఉమ్మడిగా ఉంచాలి. నీళ్ల వంతు ఇద్దరిద్దరికి కలిపి వేస్తే, ఒకరు రాని రోజు రెండోవారు ఫోన్ చేసి కనుక్కుంటారు.

మడి వెడల్పు 4 అడుగులు మించకూడదు. అప్పుడే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని కలుపు తీస్తుంటే చేతులు మధ్యదాకా అందుతాయి, మాటా కలుస్తుంది. వంగలేని పెద్దలకు రెండున్నర అడుగుల ఎత్తు మడి, నీడలో ఒక బల్ల తప్పనిసరి.

దిగులుతో ఉన్నవారి చేత మొదట ముల్లంగి వేయించండి. నాలుగైదు రోజుల్లో రెండాకులు మట్టిని చీల్చుకుని పైకొస్తాయి, చిన్న గుండ్రటి రకమైతే నెలకల్లా పంట చేతికొస్తుంది. కొత్తవాళ్లు ప్రేమకొద్దీ నీళ్లు ఎక్కువ పోసి వేర్లు కుళ్లబెడతారు. వేలు అంగుళం లోతు గుచ్చి, తడి తగిలితే ఆగమని ముందే చెప్పాలి. మొక్క చచ్చిపోతే తమదే తప్పనుకుని రావడం మానేసేవాళ్లుంటారు, వారిని గమనించండి. తీవ్రమైన కుంగుబాటుకు మాత్రం మందులు ఆపించి తోటకు పంపొద్దు, రెండూ సాగాలి.

ఇట్లు,
సామూహిక తోటల నిర్వాహకులు