పాచి హైడ్రోజన్ ఇవ్వాలంటే ముందు దానికేం పెడుతున్నామో చూడాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేసిన దగ్గర్నుంచి మా ఉత్తరాంధ్ర కాలేజీల్లో పిల్లలు హైడ్రోజన్ గురించి తెగ అడుగుతున్నారు, సంతోషమే. కానీ పేపర్లో ఎప్పుడు చూసినా సోలార్ పలకలు, కరెంటుతో నీటిని విడగొట్టడం, అంతే. మన వరి మళ్లలో పెరిగే పాచి, అంటే నీలి ఆకుపచ్చ నాచు కూడా హైడ్రోజన్ వదులుతుందని 1896లోనే తెలిసింది, దాని గురించి ఒక్క ముక్కైనా రాయరేం?

నేను శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ పిల్లలకి బోటనీ చెబుతాను. నాగావళి కాలువ కింది మడిలోంచి కాస్త పాచి తెచ్చి మైక్రోస్కోప్ కింద పెడితే అందులో అనబీనా అనే రకం పూసల దండలా కనిపిస్తుంది, పది ఇరవై పూసలకొకటి కాస్త పెద్దదిగా, పాలిపోయినట్టు, మందం గోడతో ఉంటుంది. అదే హెటిరోసిస్ట్. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే నైట్రోజినేజ్ ఎంజైమ్ ఉండేది అందులోనే, ఆ పనిలో హైడ్రోజన్ పుట్టేదీ అక్కడే. ఆక్సిజన్ తగిలితే ఎంజైమ్ పాడైపోతుంది కాబట్టే ఆ మందం గోడ.

యూరియా వేస్తే పాచి దట్టంగా వస్తుంది కదా సార్, హైడ్రోజన్ కూడా ఎక్కువొస్తుందా అని పిల్లలు అడుగుతారు. రాదు. నత్రజని తేరగా దొరికితే అది హెటిరోసిస్టులు కట్టడమే మానేస్తుంది. అందుకే ల్యాబులో పాచి పెంచడానికి వాడే బీజీ-11 అనే పోషక ద్రావణంలోంచి నత్రజనినిచ్చే సోడియం నైట్రేట్ తీసేసి పెంచాలి, మామూలుగా అందులో లీటరుకు 1.5 గ్రాములు ఉంటుంది.

లోహాల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నైట్రోజినేజ్‌లో అసలు పని జరిగే చోట 7 ఇనుము పరమాణువులు, 1 మాలిబ్డినం ఉంటాయి, ఇవి అందకపోతే ఎంజైమే సరిగా తయారవదు. మాలిబ్డినం ఆపేసి వనేడియం ఇస్తే అనబీనాల్లోనే వేరియబిలిస్ అనే జాతి వేరే రకం నైట్రోజినేజ్ చేసుకుంటుంది, అది మామూలు దానికంటే తన ఎలక్ట్రాన్లలో ఎక్కువ వాటా హైడ్రోజన్‌కి పెడుతుంది. చిక్కంతా నికెల్‌తోనే. పుట్టిన హైడ్రోజన్‌ని తిరిగి మింగేసే హైడ్రోజినేజ్ అనే ఇంకో ఎంజైమ్‌కి నికెల్ కావాలి, కాబట్టి అనబీనాకి నికెల్ తగ్గిస్తే బయటికొచ్చే గ్యాస్ పెరుగుతుంది. సినెకోసిస్టిస్ అనే మరో నీలి ఆకుపచ్చ నాచులో కథ తిరగబడుతుంది, దానికి నైట్రోజినేజే లేదు, హైడ్రోజన్ చేసేదే నికెల్ ఉన్న హైడ్రోజినేజ్‌తో. బీజీ-11లో కలిపే లోహాల్లో నికెల్ లేదు! అది విడిగా కలపకుండా సినెకోసిస్టిస్ పెంచి, గ్యాస్ రాలేదని ప్రాజెక్టు రిపోర్టులో రాసేస్తే ఎలా?

దీంతో రేపే బస్సులు నడుస్తాయని నేననను. ఒక్క నత్రజని అణువుకి 16 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) ఖర్చు చేసే ఎంజైమ్ నైట్రోజినేజ్, దిగుబడి తక్కువే. అయినా జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి 19,744 కోట్లు కేటాయించిన దేశంలో, ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ఒక ల్యాబుకి వచ్చిన గ్యాస్‌ని కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఇప్పించి, మన మళ్ల పాచితోపాటు గరివిడి మాంగనీసు గనుల గుంతల్లో బతికే పాచిని కూడా ఏ లోహం ఎంత ఇస్తే ఎంత గ్యాస్ వస్తుందో పరీక్షించమంటే అది పెద్ద కోరికేం కాదు. మీ జిల్లా పేజీలో దీని మీద గట్టిగా రాయండి.

– ఒక బోటనీ లెక్చరర్, ఆమదాలవలస