సుబ్బూకి, దొరకని పుస్తకాల గురించి

ఒరేయ్ సుబ్బూ,

జవాబు బాగా ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇంట్లో అందరూ బాగున్నారు, చెల్లి పరీక్షలు అయిపోయాయి, నాన్న షుగరు అదుపులోనే ఉంది. ఇంటి కబుర్లు ఇంతటితో సరి. ప్రాజెక్టుకి డిజిటల్ లైబ్రరీ నడిపే సాఫ్ట్‌వేర్ డీస్పేస్‌లో పాత తెలుగు పుస్తకాలు పెడతానని రాశావు చూడు, అది చదివిన దగ్గర్నుంచీ నీకొకటి చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. పుస్తకాలు ఎక్కించడం పెద్ద పని కాదురా. ఎక్కించాక చూడు, పుస్తకం లోపలే ఉంటుంది, వెతికితే మాత్రం సున్నా ఫలితాలు. (మన గుండు సున్నా మాస్టారు గుర్తొచ్చారా? నాకూ!)

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియానే తీసుకో. అమెరికా యూనివర్సిటీ కార్నెగీ మెలన్‌లో రాజ్ రెడ్డి గారు తలపెట్టిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో మన దేశం వాటా అది. వేల తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి, ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ దొరుకుతాయి. ఎంత గొప్ప పనో! కానీ చాలా పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో కొట్టారు, అదీ ఎవరికి తోచినట్టు వాళ్ళు. 'చరిత్రము' అన్న మాటకి మొదట సి ఒక్కటే పెట్టినవాళ్ళున్నారు, సి పక్కన హెచ్ పెట్టినవాళ్ళున్నారు, 'త్ర'లో కూడా హెచ్ దూర్చినవాళ్ళున్నారు. కె-ఏ-ఎల్-ఏ అని ఉంటే అది కలా, కళా, కాలమా? ఏ యంత్రం చెబుతుంది?

నువ్వు చెయ్యాల్సింది ఇది. పుస్తకాల వివరాలు నమోదుచేసే డబ్లిన్ కోర్‌లో టైటిల్ తెలుగు లిపిలోనే పెట్టు, రోమన్ పేరు ఆల్టర్నేటివ్ టైటిల్‌లో పెట్టు. వెతకడానికి మాత్రం ఇంకో ఫీల్డు విడిగా తయారుచెయ్యి. హల్లు తర్వాత వచ్చే హెచ్ తీసెయ్, జంట అక్షరాలు ఒకటి చెయ్, దీర్ఘాలు హ్రస్వాలు చెయ్, చివరి 'ము'లో యు కొట్టెయ్. అప్పుడు చరిత్రము ఎలా రాసినా ఒకే రూపానికి, అంటే ఒకే తాళంచెవికి, వస్తుంది. పాఠకుడు తెలుగులో టైపు చేసినా దాన్నీ ఇదే రోమన్ రూపంలోకి దించాలి. కల, కళ, కాలం కూడా కలిసిపోతాయి కదా అంటావు. కలుస్తాయి. అందుకే అసలు టైటిల్‌కి బూస్ట్ (బరువు) 5 ఇచ్చి, ఈ ఫీల్డుకి 1 ఇచ్చి మొదలుపెట్టు, ఫలితాలు చూసి మార్చుకో. అచ్చంగా సరిపోయినవి పైకొస్తాయి, మిగతావి కిందుంటాయి, కనీసం కనిపిస్తాయి.

తెలుగు లిపిలో ఉంటే గొడవే లేదనుకోకు, అసలు గొడవ అక్కడే! పాత పుస్తకంలో 'వాఁడు' అని అరసున్నతో ఉంటుంది, పాఠకుడు 'వాడు' అని కొడతాడు. కంటికి తేడా చుక్కంత, యంత్రానికి రెండూ వేరే మాటలు. బండి ఱ, ౘ, ౙ కూడా ఇంతే. ఇక కంటికి అసలు కనపడనివి రెండున్నాయి. 'సాఫ్ట్‌వేర్' మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు ఒత్తుగా అతుక్కోకుండా ఆపే గుర్తు) ఒకటి దాక్కుని ఉంటుంది, అది ఉన్న మాట వేరు, లేని మాట వేరు. ఐత్వం ఇంకా చిత్రం. అది యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ ఉండొచ్చు (0C48), ఎత్వం, కింది గుర్తు కలిపి రెండుగానూ ఉండొచ్చు (0C46, 0C56). తెరమీద రెండూ ఒకటే! అందుకని ముందు ఎన్‌ఎఫ్‌సి (ఒకే అక్షరానికున్న రెండు రాతల్నీ ఒకటి చేసే యూనికోడ్ పద్ధతి) చెయ్యి, తర్వాత జాయినర్లు తీసెయ్, ఆ తర్వాత అరసున్న తీసి, ఱని రగా, ౘ ౙలని చ జలుగా మార్చు, మాట చివరి 'ము'ని సున్న (ం) చెయ్. ఇవన్నీ వెతికే ఫీల్డులోనే సుమా, పాఠకుడికి చూపించే పాఠాన్ని ముట్టుకోకు. డీస్పేస్ వెతుకులాటకి వాడే సోలర్ స్కీమాలో ఇండెక్స్ (పుస్తకాల మాటల పట్టిక) వైపూ క్వెరీ (పాఠకుడు అడిగేది) వైపూ ఇవే మెట్లు ఇదే వరసలో ఉండాలి. ఒకవైపే పెడితే ఇంతకుముందు దొరికేవి కూడా దొరక్కుండా పోతాయి. స్కీమా మార్చాక ఇండెక్స్-డిస్కవరీ అనే ఆదేశాన్ని మైనస్ బి తో నడిపి మొత్తం మళ్ళీ కట్టించు. లేకపోతే పాత ఇండెక్సే పలుకుతుంది, మార్పు పనిచెయ్యలేదని నువ్వు తల పట్టుకుంటావు.

తేదీల గురించి రాద్దామనుకున్నాను... పాత పుస్తకాల మీద సంవత్సరం పేరొక్కటే ఉంటుంది. 'క్రోధి' అంటే 1904 కావచ్చు, 1964 కావచ్చు, పైగా ఉగాదికి మొదలై రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లో పడుతుంది. అది వేరే ఉత్తరమంత ఉంది, ఇప్పుడొద్దు.

విభక్తుల దగ్గరికి వస్తాను, నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టం. ఫలితాలకి వరస నిర్ణయించే బిఎం25 లెక్కలో అరుదైన మాటకి బరువెక్కువ కదా. 10,000 పత్రాల్లో 'పుస్తకం' 5,000 చోట్ల ఉందనుకో, సోలర్ లోపలుండే లూసీన్ లెక్కలో దాని ఐడిఎఫ్ (అరుదుతనానికిచ్చే బరువు) 0.69. 'పుస్తకాల్లోనైనా' 10 చోట్లే ఉంటే 6.86! అర్థంలో మాట అదే, బరువు పదింతలు. 'పుస్తకాల్లోనైనా తాళపత్రం' అని వెతికితే తాళపత్రాన్ని వదిలేసి ఆ 'నైనా' ఉన్న పత్రాలు పైకెక్కి కూర్చుంటాయి. లూసీన్ 9లో తెలుగు అనలైజర్ (మాటల చివర్లు కత్తిరించేది) ఉంది, అక్కడ మొదలుపెట్టు, కానీ సంధి విడదీయడం దాని పని కాదు. పక్కనే అక్షరాల ముక్కల ఫీల్డు ఒకటి పెట్టు. కోడ్ పాయింట్లతో (యూనికోడ్ గుర్తులతో) మాత్రం కోయకు, నీకు దణ్ణం పెడతాను. 'స్త్రీ' మనకి ఒక అక్షరం, యంత్రానికి 6 గుర్తులు. 'పుస్తకం' అలా మూడేసి కోస్తే పొల్లుతోనూ గుణింతంతోనూ మొదలయ్యే చెత్త ముక్కలొస్తాయి. పు, స్త, కం అని విడదీసి, ఆ అక్షరాలతో ముక్కలు చెయ్యి. మాట మొదటి రెండక్షరాలే ఉంచుకుని మిగతాది కత్తిరిద్దామనే ఆలోచన వస్తే మానెయ్, కలలూ కలహాలూ ఒకటైపోతాయి.

పీడీఎఫ్‌ల సంగతి ఒక్క మాట. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కట్టినవాటి నుంచి పాఠం లాగితే పిచ్చి గుర్తులొస్తాయి, వాటిని కన్వర్టర్‌లో పెట్టాకే ఇండెక్స్‌కి పంపు. స్కాన్లకి, బొమ్మలోంచి అక్షరాలు చదివే టెస్సరాక్ట్ వాడితే ధ కాస్తా ద, ఢ కాస్తా డ అవుతుంటాయి, నలుపు-తెలుపు స్కాన్లో ఆ చిన్న గీతే ముందు పోతుంది. వీలైతే గ్రేలో 300 డిపిఐకి తగ్గకుండా తీయించు.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. ఇవన్నీ చేసి 'బాగుంది' అని రిపోర్టులో రాస్తే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. వెతికే పద్ధతుల్ని పరీక్షించే ట్రెక్ వాళ్ళు ఏటా 50 ప్రశ్నలు పెట్టేవారు, నువ్వు కనీసం 30 అయినా రాయి. వాటిలో కొన్ని పాత రాతలో, కొన్ని రోమన్‌లో ఉండాలి! ఒక్కో మార్పు విడిగా నడిపి, ప్రతిదాంట్లోంచీ మొదటి 20 ఫలితాలు తీసి కలిపి, ఏది ఏ పద్ధతిలోంచి వచ్చిందో తెలియకుండా ఇద్దరిచేత మార్కులు వేయించు. ఇద్దరి మార్కులూ ఎంతవరకు కుదిరాయో చెప్పే కప్పా లెక్క వేసి...

ఒరేయ్, పోస్టు డబ్బా తీసే వేళయింది. కప్పా సంగతి వచ్చే ఉత్తరంలో. ముందు ఆ జాయినర్లు తీసెయ్.

నీ
రఘు