మోడిఫై చేసిన కారును నిజం చెప్పి అమ్ముకునే వీలుండాలి

సంపాదకుడు గారికి,

సెకండ్ హ్యాండ్ కారు అమ్మేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని అందరూ అంటారు, కానీ మోడిఫై చేసిన కారు విషయంలో అలా చెప్పినవాడే నష్టపోతున్నాడు. రవాణా శాఖ దీన్ని పట్టించుకోవాలని ఈ ఉత్తరం.

నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. చిన్న కారే గానీ 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, 105 హార్స్ పవర్, ఏడు గేర్ల ఆటోమేటిక్, డ్రైవింగ్ ఇష్టమున్నవాళ్లు ఇలాంటివాటిని హాట్ హ్యాచ్ అంటారు. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగిపోయింది కాబట్టి బాగా చూసుకున్న బండి కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు. సర్వీస్ ఎప్పుడూ ఎగ్గొట్టలేదు, బిల్లులన్నీ దాచాను. షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు మార్పించాను, మంచి బ్రేక్ ప్యాడ్లు, అల్లాయ్ వీల్స్ వేయించాను. ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచే రీమ్యాప్ చేయించలేదు, సైలెన్సర్ ముట్టుకోలేదు. అమ్మకానికి పెట్టినప్పుడు ఇవన్నీ వివరంగా రాశాను. ఫోన్ చేసిన బ్రోకర్లు చెప్పిందొకటే: "అన్నా, అవన్నీ ఎందుకు రాశావు, కంపెనీ బండి అలాగే ఉందని చెప్పు, ఎవరు చూస్తారు." పాత కార్లు కొనే ఒక సంస్థ మనిషైతే స్ప్రింగులు కంపెనీవి కావనగానే, బండి నడిపి కూడా చూడకుండా రేటు కోసేశాడు.

కొనేవాళ్ల భయానికీ కారణం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. సరే, ఇంజిన్, రంగు, ఇంధనం ఆర్‌సీలో ఉంటాయి, వాటి సంగతి స్పష్టమే. మరి షాక్ అబ్జార్బర్లు? బ్రేక్ ప్యాడ్లు? ఒక అధికారి ఫర్వాలేదంటాడు, ఇంకొకాయన కుదరదంటాడు, రేపు యాక్సిడెంట్ అయితే బీమా సర్వేయర్ ఏమంటాడో ఎవరికీ తెలియదు. ఆ టెన్షన్ అంతా కొన్నవాడి నెత్తిన పడుతుంది, అందుకే అమ్మేవాళ్లు దాచేస్తున్నారు.

హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు మోత మోగే సైలెన్సర్లను రోడ్ రోలర్ కింద తొక్కించారు, మంచి పని చేశారు. అర్ధరాత్రి కాలనీల్లో ఆ గోల భరించలేం. కానీ బ్రేకులు మెరుగుపరచుకున్నవాడినీ, సైలెన్సర్లతో మోత మోగించేవాళ్లనూ ఒకే గాటన కట్టకూడదు. జర్మనీలో ఇలాంటి మార్పులను టీయూవీ లాంటి సంస్థలు పరీక్షిస్తాయి, సరిగా ఉంటే బండి కాగితాల్లో ఎక్కుతాయి, కొనేవాడు చూసుకుని కొంటాడు. మన దగ్గరా బండ్ల ఫిట్‌నెస్‌ను యంత్రాలతో పరీక్షించే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి కదా, ఫీజు కట్టించుకుని చిన్న మార్పులను అక్కడే పరీక్షించి ఆర్‌సీలో నమోదు చేస్తే కేంద్ర ప్రభుత్వానికి పోయేదేముంది?

ఇంకొక్క విషయం. ఇలాంటి బండ్ల మీద మోజుతో వచ్చే బ్రోకర్లు బండిని కొన్నవాడి పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకుని, అందులో పేరు రాయకుండానే బండి తీసుకెళ్తామంటున్నారు. ఆ తర్వాత అది ఎన్ని చేతులు మారినా ఆర్‌సీ మీద పేరు పాత ఓనర్‌దే, చలాన్లూ ఆయనకే. బండి అమ్మేసినా ఆర్‌సీలో పేరున్నవాడే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి తీసుకున్నట్టు డీలర్ రవాణా శాఖ పోర్టల్‌లో తెలియజేయాలని, అప్పటి నుంచి బాధ్యత అతనిదేనని 2023 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది, కానీ అది రిజిస్టరైన డీలర్లకే. వీధి బ్రోకర్లను కూడా ఆ రూల్ కిందికి తేవాల్సింది రవాణా శాఖే. ఏ మార్పులకు అనుమతి ఉంది, వేటికి లేదు అనే జాబితాను ప్రతి ఆర్టీఏ ఆఫీసు గోడ మీద తెలుగులో పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ముందు ఆ పని చేయండి.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్