జానెడు టేపు

ఒరేయ్,

మోకాలి నొప్పి ఎలా ఉంది? మెట్లు తగ్గించావా, లేక డాక్టరు మాట డాక్టరు దగ్గరే వదిలేసి తిరుగుతున్నావా? అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరం ఏంటా అనుకుంటున్నావు కదూ? ఫోన్‌లో మొదలుపెడితే రెండు నిమిషాలకే నువ్వు "ఆ ఫైలేదో వాట్సాప్‌లో పెట్టరా, వింటాను" అంటావు. పెట్టను. ఎందుకు పెట్టనో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

పోయిన ఆదివారం అటక దులుపుతుంటే నాన్న రేకు పెట్టె దొరికింది. అందులో ఒక కాడ విరిగిన కళ్లజోడు, ఆగిపోయిన చేతి గడియారం, రబ్బరు బ్యాండు కరిగి అంటుకుపోయిన కాగితాల కట్ట. అన్నిటికంటే అడుగున ఒక క్యాసెట్. అట్ట మీద నాన్న గుండ్రటి దస్తూరిలో పాటల పేర్లు. వాటిని అడ్డంగా కొట్టేసి, కింద నీ కోడిగీతల రాత: "వార్తలు. ఎవరూ ముట్టుకోరాదు."

గుర్తొచ్చిందా?

1986. మనిద్దరికీ 11 ఏళ్లు. ఆ ఫిబ్రవరిలో హ్యాలీ తోకచుక్క సూర్యుణ్ణి చుట్టి వెళ్లింది. మార్చిలో ఒకరోజు ఇంకా తెల్లవారకముందే నాన్న మనల్ని లేపి డాబా మీదకి తీసుకెళ్లారు. పత్రికల్లో బొమ్మలు చూసి, తోక సగం ఆకాశం పరుచుకుని ఉంటుందనుకున్నాం. తీరా చూస్తే ఊదితే చెదిరిపోతుందేమో అన్నట్టు ఒక పొగ మరక. నాకు ఏడుపొచ్చింది. నువ్వు మాత్రం "కనబడింది కదరా, మళ్లీ 76 ఏళ్లకి గాని రాదట" అన్నావు. ఆ సాయంత్రమే ఆ వార్త లోకానికి చెప్పాలని టేప్ రికార్డర్ ముందు కూర్చున్నాం.

ఖాళీ క్యాసెట్ లేదు. నాన్న పాటల క్యాసెట్ తీశాం. పాటలు చెరిగిపోకుండా పై అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని ఆయన ముందే విరిచేసి పెట్టుకున్నారు, అందుకని రికార్డింగ్ మీట కిందికి దిగలేదు. కాగితం నలిపి ఆ గుంటల్లో కూరితే దిగుతుందన్న కిటుకు నీదే. ఎక్కడ నేర్చుకున్నావో ఇప్పటికైనా చెప్పరా.

దొరికింది సరే, వినడానికి నాలుగు రోజులు పట్టింది. ఆడించే మిషను ఎవరింట్లోనూ లేదు. చివరికి మా ఆఫీసులో ఒకాయన వాళ్ల మామగారి టేప్ రికార్డర్ తెచ్చి ఇచ్చాడు. అది పనిచేసింది గాని క్యాసెట్ పనిచేయలేదు. లోపల టేపును మిషను తలకు అదిమిపట్టే మెత్తటి ముక్క ఒకటి ఉంటుంది చూడు, దాని జిగురు ఎండిపోయి ఊడిపోయింది. మరలు విప్పి, చుట్టల్ని వేరే క్యాసెట్ డొప్పలోకి మార్చాను. చెయ్యి ఎంత వణికిందో నీకు చెప్పలేను. వైపుకి అరగంట ఆడే ఆ చుట్టను పూర్తిగా విప్పితే 86 మీటర్ల దాకా ఉంటుంది, తల వెంట్రుక కంటే పల్చన. అంత పల్చటి పట్టీ మీద పూసిన ఇనుప తుప్పులాంటి పొడిలో మన గొంతులు దాదాపు 40 ఏళ్లు అటక మీద పడి ఉన్నాయి.

వదులైన టేపు బిగించడానికి పెన్సిలు తీసుకున్నాను. క్యాసెట్ చక్రానికి లోపల ఆరు పళ్లు, పెన్సిలుకు ఆరు పలకలు. ఒకదాని కోసం ఒకటి చేసినట్టు సరిపోతాయి. నేను ఆలోచించేలోపే చెయ్యి దానంతటదే తిప్పడం మొదలుపెట్టింది.

మొదట మీట పడిన చప్పుడు. తర్వాత నీ గొంతు. ఇంత సన్నగా ఉండేదా రా నీ గొంతు! తోకచుక్క వార్త నువ్వే చదివావు, చాలా గంభీరంగా. తర్వాత వాతావరణం: "ఈరోజు ఎండగా ఉన్నది. నిన్న కూడా ఎండగా ఉన్నది. రేపటి సంగతి రేపు చెప్పెదము." ఆటల వార్తలు నావి. ఆ వారం మన వీధివాళ్లం ఓడిపోయిన ఆటను గెలిచినట్టు చదివేశాను. నువ్వు మధ్యలోనే "అబద్ధం చదవకూడదురా, ఇది వార్తలు" అని అరిచావు. ఇప్పుడు వింటుంటే నీ మీద ఎంత గౌరవం కలిగిందో.

కానీ నేను నాలుగు రోజుల్లో పదిసార్లు విన్నది మన వార్తల కోసం కాదు. వాటి వెనక ఉన్న ఇంటి కోసం. పెరట్లో బకెట్ నిండుతున్న చప్పుడు ఉంది. నిండేకొద్దీ ఆ చప్పుడు మారుతుంది, అమ్మ కుళాయి కట్టేయడం కూడా తెలుస్తుంది. అక్క పక్కగదిలో పదిహేడో ఎక్కం చదువుతూ ప్రతిసారీ ఒకే చోట తడబడి మళ్లీ మొదటికొస్తుంది. ఎవరో సైకిల్ బెల్లు కొడుతూ వీధిలో పోతారు. అక్క తడబాటు వచ్చే ముందు ఇప్పుడు నేను ఊపిరి బిగబట్టుకుంటున్నాను, ఈసారైనా దాటేస్తుందేమో అని.

ఇక అసలు సంగతి. పన్నెండు నిమిషాలు దాటాక మనిద్దరం ఉన్నట్టుండి మాటలు ఆపేశాం. నాన్న వచ్చి ఫోన్ ఎత్తారు.

ఆ నల్ల డయల్ ఫోన్ గుర్తుందిగా? వేలు పెట్టి తిప్పితే కర్రుమని వెళ్లి, వదిలితే టకటకమంటూ వెనక్కి వచ్చేది. ఒకటి తిప్పితే ఒక్క టక్కు, తొమ్మిదికి తొమ్మిది, సున్నాకి పది. సెకనుకి పది టక్కులు. అవి లెక్కపెట్టుకునే ఎక్స్ఛేంజీ ఏ నంబరో కనుక్కునేది. టేపులో ఆ టక్కులన్నీ పడ్డాయి. నాన్న ఎవరికి ఫోన్ చేస్తున్నారో తెలుసుకోవాలనిపించింది. ఆ ముక్కను సెల్‌ఫోన్‌లోకి ఎక్కించి, వేగం తగ్గించి, కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టాను. రాత్రి ఒంటిగంట అయింది. చివర రెండు పొడుగాటి తిరుగుళ్లు, పది పది టక్కులు. రెండు సున్నాలు. ముందున్నవి చూడకుండానే తెలిసిపోయింది.

మీ ఇంటి నంబరు రా.

తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నాన్న, అప్పట్లో అందరూ ఫోన్‌లో మాట్లాడినట్టే గట్టిగా: "మీవాడు ఇక్కడే ఉన్నాడండీ. కంగారు పడకండి, నేను దింపుతాను."

అంతే. నాలుగు సెకన్లు. క్యాసెట్‌లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. అంటే నాన్న మాట 19 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు. ఆయన పోయి 9 ఏళ్లయింది. ఫోటోలు ఉన్నాయి గాని ఆయన గొంతు ఎక్కడా లేదనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఇంకో వింత చెప్తాను. ఆయన మాట మొదలవడానికి రెండు సెకన్ల ముందే, ఆ నిశ్శబ్దంలో, అదే మాట చాలా సన్నగా, గోడ అవతలి నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. టేపు ఏళ్ల తరబడి చుట్టుకుని ఉంటే ఒక పొర మీదున్న శబ్దం పక్క పొర మీద కొద్దిగా అచ్చుపడుతుందట. కారణం తెలిసింది. అయినా అది వినిపించిన ప్రతిసారీ నాన్న గుమ్మం దాకా వచ్చి ఆగినట్టే ఉంటుంది.

ఆ రాత్రి మనం ముగ్గురం సైకిల్ మీద మీ ఇంటికి వచ్చాం. నువ్వు ముందు బారు మీద, నేను వెనక క్యారియర్ మీద. ఆ ఫోన్ సంగతి ఆయన మనతో ఎత్తలేదు, మనం అడగలేదు. మన ఆట పాడుచేయకుండా మీ అమ్మ భయం తీర్చారు.

మొన్న మా అబ్బాయి ఏదో పోటీకి తన గొంతు రికార్డు చేసుకున్నాడు. చాలా బాగా వచ్చింది. వాడి గొంతు తప్ప ఇంకేమీ లేదు. చుట్టూ చప్పుడును ఫోనే వడగట్టేస్తుందని వాడే చెప్పాడు. మంచిదే, వినడానికి హాయిగా ఉంది. కానీ అప్పటి మన రికార్డర్‌కు ఆ తెలివి ఉండి ఉంటే బకెట్టూ లేదు, ఎక్కమూ లేదు, నాన్నా లేడు. ఇంటికి ఒకటే ఫోన్, ఒకటే రికార్డర్, అన్నీ ఒకటే గదిలో కాబట్టి ఎవరి మాట వాళ్లది కాకుండా కలిసిపోయింది. నేను పోగొట్టుకున్నాననుకునేది ఆ కలగలుపు ఒక్కటే.

అప్పటివన్నీ బంగారమని అనను. మీ తాతగారు పోయిన కబురు మీకు రెండు రోజులు ఆలస్యంగా అందింది, మీ అమ్మకు చివరిచూపు దక్కలేదు. ఆవిడ మా ఇంటి గుమ్మంలో కూలబడటం నేను చూశాను. ఆ ఒక్కదాని కోసం ఈనాటి ఫోన్లన్నీ క్షమించేయొచ్చు.

ఫోటోల సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడాది మనిద్దరం కలిసి ఉన్నది ఒక్కటే. రీలుకి 36, చివరిది మిగిలితే మనకు తీశారు. కడిగించి తెచ్చేసరికి ఫోటోలో లేని నీ కోరపన్ను నీకు వచ్చేసింది.

ఎ వైపు ఎలా ముగుస్తుందంటే, వార్తలు అయిపోయాయని చెప్పి నువ్వు నాన్న రేడియో పెట్టావు. చీకటి పడింది కాబట్టి ఏదో దూరదేశపు స్టేషను అలల్లా పెరుగుతూ తగ్గుతూ వస్తోంది. పగలు ఎండ వల్ల ఆకాశం పైన ఏర్పడే ఒక పొర మీడియం వేవ్‌ను మింగేస్తుందని, రాత్రికి అది పోయాక ఇంకా పైనున్న పొర ఆ తరంగాల్ని మళ్లీ నేల మీదకి పంపుతుందని చాలా ఏళ్లకు చదువుకున్నాను. అప్పట్లో నాన్న చెప్పింది వేరు: "చీకటి పడితే దేశాలు దగ్గరికి జరుగుతాయిరా." అలాగే నమ్మాం. తర్వాత మీట చప్పుడు, వెంటనే నాన్న పాట, సగం నుంచి. మనం చెరిపేయగా మిగిలిన సగం.

ఆయన ఒక్క మాట అనలేదు గుర్తుందా? ఆ క్యాసెట్ మీద మళ్లీ పాటలు ఎక్కించుకోవచ్చు. ఎక్కించుకోలేదు. పైగా పాత డొప్ప విప్పే ముందు ఒకటి గమనించాను. నువ్వు గుంటల్లో కూరిన కాగితం లేదు. రెండు గుంటలూ ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి. మన వార్తల మీద ఇంకెవరూ ఏమీ రికార్డు చేయకుండా ఆయనే తీసేసి ఉంటారు.

బి వైపు ఇంకా ఆడించలేదు. అట్ట మీద నీ రాతే: "రెండో భాగం." అందులో ఏం చేశామో నాకు ఒక్క ముక్క కూడా గుర్తులేదు. నీకు గుర్తుంటే చెప్పకు. అరగంట ఉంది. మళ్లీ ఎక్కడో నాన్న దగ్గవచ్చు, మీ అమ్మ నిన్ను పిలుస్తూ రావచ్చు, వట్టి గరగరే ఉండొచ్చు. అది ఒక్కణ్ణే కూర్చుని వినలేను, నీకు ఫైలు పంపి నువ్వొక్కడివే వినేలా చేయలేను.

టేప్ రికార్డర్ నెలాఖరు దాకా ఉంచుకోమన్నాడు మా ఆఫీసాయన. టికెట్ చూసుకుని రా. వీలైతే అమ్మను కూడా తీసుకురా, ఆ ఫోన్ ఎత్తింది ఆవిడే కదా. మోకాలు జాగ్రత్త, 2061లో మనకు 86 వస్తాయి, మళ్లీ డాబా ఎక్కాలి.

పెన్సిలు బల్ల మీదే ఉంచాను.

నీ
స్నేహితుడు