కొవ్వూరు – రాజమహేంద్రవరం లాంచీ సర్వీసు: మన ప్రయాణికుల సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారములు.

కొవ్వూరు నుంచి రాజమహేంద్రవరానికి ఉద్యోగులు, విద్యార్థులు రోజూ వెళ్ళి వచ్చేలా లాంచీ నడపడం సాధ్యమేనా అన్న ప్రశ్నకే ఈ ఏడాది మన కార్యవర్గం ఎక్కువ సమయం కేటాయించింది. వేసవి చలివేంద్రం, కార్తీక మాసంలో గోష్పాద క్షేత్రం వద్ద సేవ యథావిధిగా జరిగాయి. వాటి జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు జిల్లా కేంద్రంలో పని పడితే ఏలూరు వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు జిల్లా కేంద్రం రాజమహేంద్రవరం కనుక అదే పనికి గోదావరి దాటుతున్నాం. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనను 2023లో మరమ్మతుల కోసం మూసినప్పుడు, 2015లో ప్రారంభమైన నాలుగో వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళిన రోజులు సభ్యులెవరూ మరిచిపోలేదు. ఎదురుగా అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉన్నా చేరుకోలేకపోయిన ఆ ఇబ్బందే ఈ ప్రయత్నానికి మూలం.

నీటి విషయంలో మనకు అనుకూలతే ఉంది. డెల్టా కాలువలకు నీరందించేందుకు ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు దించి నీటిమట్టాన్ని నిలబెడతారు కనుక, దానికి ఎగువనున్న మన రేవుల మధ్య నది మిగతా చోట్లలా వేసవిలో పాయలుగా చీలి ఎండిపోదు. ఇసుక మేటలు వేసిన చోట్ల మాత్రం ముందుగా లోతు కొలిపించి, దారి గుర్తులు పెట్టించవలసి ఉంటుంది.

అసలు చిక్కు రేవు దగ్గరే ఉంది. దీన్ని కళ్ళారా చూడాలని కార్యవర్గ సభ్యులం నరసాపురం వెళ్ళి, గోదావరి పాయ అయిన వశిష్ఠ దాటి సఖినేటిపల్లికి పంటు (మనుషులను, వాహనాలను దాటించే బల్లకట్టు పడవ) మీద ప్రయాణించాం. పంటు ఒడ్డుకు ఆనగానే బల్ల వేశారు. ఒకాయన మోటారు సైకిల్ హ్యాండిల్ పట్టుకుని మెల్లగా దించుతుంటే, వెనుక నుంచి మరొకరు సీటు పట్టి ఆపారు. పక్కనే ఒక పెద్దావిడ చెప్పులు చేతపట్టుకుని, మనవడి భుజం ఆసరాతో తడి బల్ల మీద అడుగులో అడుగేస్తూ దిగింది. రోజూ ఆఫీసు వేళకు చేరవలసిన వారికి, ముఖ్యంగా వృద్ధులకు, దివ్యాంగులకు ఈ ఏర్పాటు చాలదు. 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొచ్చి వాటర్ మెట్రోలో నీటితో పాటు పైకీ కిందికీ కదిలే తేలియాడే జెట్టీలు ఉన్నాయి, అందువల్ల పడవ అంచు, జెట్టీ అంచు సమానంగా ఉంటాయి. అయితే అక్కడి బ్యాక్‌వాటర్ పోటుపాట్లు స్వల్పం, మన గోదావరి వరదలో మెట్లకు మెట్లు మునిగిపోతాయి. కాబట్టి ఆ నమూనాను ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోలేం.

వరదల గురించి కార్యవర్గం నిక్కచ్చిగా ఉండదలిచింది. ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వచ్చే నాటికి ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులకు చేరుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగిన రోజు నదిలో ప్రవాహం దాదాపు 5 లక్షల క్యూసెక్కులే. అక్కడ కొండల నడుమ నది ఇరుకైనదన్న మాట నిజమే. అయినా హెచ్చరిక వచ్చే దాకా లాంచీ నడపవచ్చని ఎవరన్నా మనం ఒప్పుకోకూడదు. అంతకు చాలా ముందే సర్వీసు ఆపే ప్రవాహ పరిమితిని నిపుణులతో నిర్ణయింపజేయాలి. వరద నెలల్లో లాంచీ ఆగుతుందని తెలిసే ఈ సర్వీసును కోరుతున్నాం కనుక, ఆ రోజులకు బస్సుల ఏర్పాటు కూడా మన అర్జీలో భాగం కావాలి.

ధవళేశ్వరం వరకు సర్వీసు పొడిగించాలని కొందరు సభ్యులు కోరారు. ముందు కొవ్వూరు, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ మధ్య ఉదయం, సాయంత్రం వేళల్లో నడిపి చూశాకే ఆ ఆలోచన చేయాలని కార్యవర్గం తీర్మానించింది. 2027 పుష్కరాల కోసం ఘాట్లలో జరిగే పనుల్లోనే జెట్టీకి చోటు కల్పించమని కోరడం మంచిది, ఎందుకంటే కట్టిన మెట్లను తర్వాత పగలగొట్టించడం కష్టం.

రోజూ నది దాటే సభ్యులు ఇంటి నుంచి ఆఫీసుకో కాలేజీకో చేరడానికి పట్టే సమయాన్ని, ఆటో ఖర్చుతో సహా, ఒక వారం పాటు రాసి కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాం. ఆ కాగితాలను అర్జీకి జతపరిచి కలెక్టర్ గారికి సమర్పిస్తాం.