మోనోపొలీ కార్డు గురించి రాస్తే మీరు పెట్టిన తిప్పలు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఆటల చరిత్ర కార్డుల సెట్‌లో తప్పు, దాని మీద నా ఫిర్యాదును పట్టించుకోకపోవడం.

మీరు పిల్లల కోసం వేసిన ఆ సెట్‌లో మోనోపొలీ (స్థలాలు కొని అద్దె వసూలు చేసే బోర్డు ఆట) కార్డు మీద ఏముందో ఒకసారి చూడండి. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన చార్లెస్ డారో ఇంట్లో కూర్చుని ఆట కనిపెట్టి కోటీశ్వరుడయ్యాడట. ఆట కనిపెట్టింది అతనన్నది నిజం కాదు. అచ్చులో పొరపాట్లు ఎవరికైనా వస్తాయి, దానికి నాకు కోపం లేదు. చెప్పినా వినిపించుకోలేదే, అందుకు కోపం.

మొదట చాట్‌లో రాశాను. వస్తువు విరిగిందా, తక్కువ వచ్చిందా, వద్దనుకుంటున్నారా అని అడిగే బటన్లే ఉన్నాయి. రాసింది తప్పు అని చెప్పడానికి బటనే లేదు. ఏదో ఒకటి నొక్కితే గానీ మనిషి లైన్లోకి రాడు కాబట్టి ‘విరిగింది’ నొక్కాను. ఫోటో పంపమన్నారు. తప్పున్న వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి పంపాను. ‘డ్యామేజీ కనిపించడం లేదు, కస్టమర్ గీతలు గీసినందున వాపసు వర్తించదు’ అని టికెట్ మూసేశారు. వాపసు ఎవరు అడిగారండీ?

ఫోన్ చేస్తే పాట వినిపించి వినిపించి చివరికి ఒక అబ్బాయి పలికాడు. ఆట కనిపెట్టింది లిజ్జీ మ్యాగీ అని చెప్పాను. ‘మేడమ్‌ని రిజిస్టర్డ్ నంబర్ నుంచి కాల్ చేయమనండి సర్’ అన్నాడు. ఆవిడ 1948లోనే చనిపోయారంటే సారీ చెప్పి లైను సూపర్‌వైజర్‌కి కలిపాడు. ఆ అబ్బాయిని నేనేమీ అనను. మీరు ముందు పెట్టిన కాగితంలో ఏముంటే అదే చదివాడు. సూపర్‌వైజర్‌కి మాత్రం అంతా వివరంగా చెప్పాను. ఆవిడ ‘ఊఁ, ఊఁ’ అన్నారే గానీ రాసుకున్నట్టు లేదు. అందుకే మళ్లీ రాస్తున్నాను.

లిజ్జీ మ్యాగీ స్టెనోగ్రాఫర్‌గా పనిచేసిన అమెరికన్ మహిళ. నేల మీద లాభం కొద్దిమంది భూస్వాముల చేతికి పోకూడదన్న అమెరికన్ ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ సిద్ధాంతాన్ని నమ్మింది. దాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పడానికే ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ తయారు చేసి 1904లో పేటెంట్ తీసుకుంది. చుట్టూ తిరిగే దారి, రైల్వేలు, మూలన జైలు అన్నీ అందులోనే ఉన్నాయి. రెండు రకాల రూల్స్ పెట్టింది. ఒకదానిలో సంపద పెరిగితే అందరికీ వాటా. రెండోదానిలో మిగతావాళ్లను దివాలా తీయిస్తేనే గెలుపు. లోకం రెండోదాన్నే పట్టుకుంది.

తర్వాత ఆ ఆట చేతితో గీసుకున్న బోర్డుల మీద కాలేజీ విద్యార్థుల దగ్గర, క్వేకర్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాల్లో ఊరూరా తిరిగింది. అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో ఆడినవాళ్లు తమ వీధుల పేర్లు పెట్టుకున్నారు. చార్లెస్ టాడ్ అనే పరిచయస్తుడు డారోకి ఈ ఆట నేర్పాడు. టాడ్ బోర్డు మీద, ఆ ఊరి పక్కనున్న ‘మార్వెన్ గార్డెన్స్’ అనే పేట పేరు పొరపాటున ‘మార్విన్’ అని పడింది. డారో అమ్మిన బోర్డు మీదా అదే తప్పు! సొంతంగా కనిపెట్టినవాడికి ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చింది? పార్కర్ బ్రదర్స్ అనే ఆటల కంపెనీ 1935లో డారో దగ్గర ఆట కొని అతనికి రాయల్టీ ఇచ్చింది. మ్యాగీ పేటెంట్‌కి 500 డాలర్లు చేతిలో పెట్టింది, రాయల్టీ లేదు. 1936 జనవరిలో ఆవిడ తన పాత బోర్డులు వాషింగ్టన్ పత్రికల వాళ్లకు చూపించి మరీ చెప్పుకుంది. అయినా దశాబ్దాల పాటు పేరు డారోదే. రాల్ఫ్ ఆన్స్‌పాక్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ తన ‘యాంటీ మోనోపొలీ’ ఆట పేరు మీద వచ్చిన గొడవలో 1970లలో కోర్టుకెక్కి పాత ఆటగాళ్లను వెతికి పట్టుకుంటే గానీ ఈ సంగతి బయటికి రాలేదు.

ఇంత చెప్పాక మీ సూపర్‌వైజర్ గారు, ‘ఎడిటోరియల్ టీమ్‌కి పంపాం, 48 గంటల్లో స్పందిస్తారు’ అన్నారు. ఆ గంటలు ఎప్పుడో దాటిపోయాయి. గుర్తు చేస్తూ మెయిల్ పెడితే ‘మీ సమస్య పరిష్కారమైంది, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని మెసేజ్. ఏం పరిష్కరించారు? ఎవరు? మళ్లీ ఫోన్ చేస్తే పాత టికెట్ మూసేశాం కాబట్టి కొత్తది తెరవాలన్నారు, కొత్తది తెరవాలంటే ఫోటో కావాలన్నారు. తర్వాత ఎవరో తదుపరి కొనుగోలుకు డిస్కౌంట్ కూపన్ పంపారు. కూపన్ ఇచ్చి నోరు మూయించవచ్చనుకున్నారా?

మీ మొదటి సెట్ వచ్చినప్పటి నుంచీ కొంటున్నాను. ఏ పిల్లల పుట్టినరోజు వచ్చినా మీ కార్డులే ఇచ్చాను. ‘వీళ్లు రాసింది నమ్మొచ్చు’ అని నలుగురికీ చెప్పాను. ఇప్పుడు ఆ పిల్లలందరూ ఆట డారోదే అని నేర్చుకుంటున్నారు, ఆ బాధ్యత నా మీద కూడా పడింది. పాత కస్టమర్‌కి మీరిచ్చే విలువ ఇదేనా?

కార్డు సరిచేసి మళ్లీ అచ్చు వేయండి, ఇప్పటికే కొన్నవాళ్లందరికీ ఉచితంగా పంపండి. టికెట్ నంబర్ కాకుండా, పేరున్న ఒక మనిషి నాకు జవాబు రాయాలి. ఈ నెలాఖరులోగా అది రాకపోతే మీ చాట్, మెయిల్స్, గీత గీసిన ఫోటోతో సహా అన్నీ వినియోగదారుల కమిషన్ ముందు పెడతాను. ఇక ముందు మీ సెట్ ఒక్కటి కూడా కొనను, ఎవరినీ కొననివ్వను. కూపన్ మాత్రం దయచేసి మళ్లీ పంపకండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్